చేతిపనిలోని చదువు

మోటారు సైకిలు ముందుభాగాన గాలి ఒత్తిడిని తప్పించే తొడుగును ఫెయిరింగ్ అంటారు. ఫైబర్‌గ్లాసుతో దానిని ఇంట్లోనే రూపొందించుకొనే యువకులున్నారు. పెద్దలు కొందరు దీనిని చదువు చెడగొట్టే వ్యసనమని ఈసడిస్తారు. నా దృష్టిలో ఇదీ ఒక విద్యయే. నమూనా చెక్కి, అచ్చు తీసి, దానికి మైనం పూసి, గాజుపీచు పొరలను ఒక్కొక్కటిగా రెసిన్‌తో తడుపుతూ పరవడానికి శిల్పి ఓర్పు కావాలి. రెసిన్‌ను గట్టిపరిచే ద్రావకం నూటికి ఒకటి రెండు పాళ్లే కలపాలి. మోతాదు మించితే అది వేడెక్కి పగుళ్లు బారుతుంది.

అయితే నేర్పుకు వివేకం తోడు కావాలి. ముందుచక్రాన్ని పూర్తిగా కప్పే తొడుగులు వేగాన్ని పెంచినా, అడ్డగాలి వీచినప్పుడు వాహనాన్ని అదుపు తప్పించేవి. 1958 నుండి గ్రాండ్ ప్రీ పందేలలో వాటిని నిషేధించారు. గాజుధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక ముక్కుకు రక్షణ లేకుండా తొడుగును రుద్దరాదు. తన చేతిపని తనకూ, ఇతరులకూ ముప్పు తేకుండా చూసుకొనేవాడే నిజమైన పనివాడు.