కాలువా వారిదే, పంటా వారిదేనా?



ధనము పుష్కలముగా గల సాంకేతిక సంస్థలు వార్తా, వినోద వ్యాపారములను కొనవచ్చునా అను ప్రశ్న ఇప్పుడు మన ఇండ్లలోనికే వచ్చినది. మా ఆరణిలో తెలుగు కుటుంబములవారు సాయంకాలము చూచు మా టీవీ 2015లో స్టార్ సంస్థ పరమైనది. 2024 నవంబరులో స్టార్, రిలయన్సువారి వయాకామ్18 కలిసి జియోస్టార్ అయినవి. దాని విలువ 70,352 కోట్ల రూపాయలని, అందులో రిలయన్సు 11,500 కోట్లు పెట్టినదని ప్రకటించినారు. వార్తా చానెళ్లు గల నెట్‌వర్క్18 సైతము 2014 నుండి వారి అధీనములోనే కలదు. 40 కోట్లకు పైగా చందాదారులు గల జియో టెలిఫోను కూడ వారిదే.

ధనికులు పత్రికలు నడపరాదని నేననను. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మదరాసులో దినపత్రికయైన ఆంధ్రపత్రికను పోషించినది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి అమృతాంజనమే. కాని తలనొప్పి మందు అమ్ముటకు సర్కారు దయ అంతగా అక్కరలేదు. పంతులుగారు ఉప్పు సత్యాగ్రహమున జైలుకు కూడ వెళ్లినారు. టెలిఫోను సంస్థకో, లైసెన్సు మొదలు తరంగముల వరకు అన్నియు సర్కారు నుండియే రావలెను. అట్టి యజమాని చానెలు సర్కారును గట్టిగా నిలదీయగలదా?

అమెరికాలో అమెజాన్ స్థాపకుడు బెజోస్ 2013లో వాషింగ్టన్ పోస్టును 25 కోట్ల డాలర్లకు కొన్నారు. కొన్ని సంవత్సరములు పత్రిక బాగుగనే నడిచినది. 2024 ఎన్నికలలో మాత్రము, ఏ అభ్యర్థినీ బలపరచరాదని యజమానియే నిర్ణయించినారు. లక్షల చందాలు రద్దయినవి.

మరియొక చిక్కు కలదు. పిచ్చాటూరు జలాశయపు తలుపులు తీసిననే ఆరణి నదిలో మాకు నీరు. ఆ తలుపు తాళము చేత నున్నవాడే పొలము కూడ సాగుచేసిన, మొదటి తడి ఎవరి చేనికో చెప్పనక్కరలేదు.

ధనము లేనిదే పత్రిక నిలువదందురు. నిజమే. ఆంధ్రపత్రికయే 1991లో ఆగిపోయినది. కాని సరిహద్దుకు ఇవతలనున్న మావంటి వారికి భయము వేరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రములో కలిసినది. మా పొన్నేరి వైపు వారము ముందు నుండీ ఇటే. 2006 చట్టముతో బడులలో తమిళము నిర్బంధమైన పిదప, మా పిల్లలకు తెలుగు అందునది ముఖ్యముగా ఇంటిమాట, పత్రిక, టీవీల ద్వారానే. కోట్ల లెక్కలు చూచుకొను సంస్థకు మా కొద్దిమంది లెక్కలోనికి వత్తుమా?

పోటీ కమిషను 2024 ఆగస్టులో కొన్ని మార్పులతో ఈ కలయికకు అనుమతించినది. కాని అది చూచునది వ్యాపారపు పోటీని, సంపాదకుని స్వాతంత్ర్యమును కాదు. పెద్ద వ్యాపార సంస్థలు ఈ రంగములో ప్రవేశించుటపై ఆంక్షలు ఆలోచించవలెనని టెలికాం నియంత్రణ సంస్థ 2014లోనే సిఫారసు చేసినది. ప్రభుత్వము దానిని బయటికి తీసి, తీగ గల సంస్థ ఇతరుల చానెళ్లను తన చానెలుతో సమానముగ చూడవలెనని, వార్తల విషయమున యజమాని జోక్యము కూడదని చట్టము చేయవలెను. అంతవరకు ఇట్టి కొనుగోళ్లు తగవని నా అభిప్రాయము.

ఒక పాఠకుడు,
ఆరణి.