ఐదున్నర సెంటీమీటర్ల లెక్క

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. గుండె జబ్బంటే చాలామంది లింగియాడీహ్‌లోని అపోలో ఆసుపత్రి వైపే చూస్తారు. ఎకో రిపోర్టులో ‘ఆరోహణ బృహద్ధమని 5.2 సెం.మీ.’ అని వస్తే ఇంట్లో పుట్టే ప్రశ్న ఒకటే: ఆపరేషన్ చేస్తే బతుకుతారా? నా దృష్టిలో అది సగం ప్రశ్నే. చేయించుకోకపోతే ఏమవుతుందన్నది మిగతా సగం.

గుండె నుంచి పైకి లేచే ఈ రక్తనాళం మామూలుగా మూడు, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పుంటుంది. ఉబ్బేకొద్దీ గోడ మీద ఒత్తిడి పెరుగుతుంది. లోపలి పొర చిరిగితే రక్తం పొరల మధ్యకు దూసుకుపోతుంది. చికిత్స అందకపోతే తొలి రెండు రోజుల్లో గంటగంటకూ నూటికి ఒకరిద్దరు చనిపోతారన్నది వైద్యుల పాత అంచనా.

ఆపరేషనూ చిన్నదేం కాదు. రొమ్ము ఎముక కోసి, హార్ట్-లంగ్ మెషీన్ మీద ఉంచి, ఉబ్బిన ముక్క తీసేసి డాక్రాన్ గొట్టం కుడతారు. పక్షవాతం, రక్తస్రావం, కిడ్నీలు దెబ్బతినడం వంటి ముప్పులున్నాయి. అయినా అనుభవమున్న కేంద్రాల్లో ముందుగా అనుకుని చేస్తే మరణాలు నూటికి సుమారు ఒకటి నుంచి మూడు. చిరిగాక అత్యవసరంగా చేస్తే పదిహేను, ఇరవై దాటినా ఆశ్చర్యం లేదు. కవాటం కూడా మార్చి లోహపుది పెడితే జీవితాంతం వార్ఫరిన్ మాత్రలు, ఐఎన్ఆర్ పరీక్షలు తప్పవు. ఆ పరీక్ష ఎక్కడ చేయించుకుంటారో ముందే ఆలోచించుకోవాలి.

1956లో ఈ శస్త్రచికిత్సకు దారి వేసినవారిలో ఒకరైన మైఖేల్ డెబేకీకే 2005 చివర్లో, 97వ ఏట, బృహద్ధమని చిరిగింది. మొదట ఆసుపత్రిలో చేరడానికే ఆయన ఒప్పుకోలేదు! 2006 ఫిబ్రవరిలో ఆపరేషన్ జరిగింది. 2008 దాకా జీవించారు.

సాధారణంగా ఆపరేషన్‌కు హద్దు 5.5 సెం.మీ. అనుభవమున్న కేంద్రాల్లో 5 సెం.మీ.కే చేయవచ్చని 2022 అమెరికా మార్గదర్శకాలు అంటున్నాయి. మార్ఫాన్ సిండ్రోమ్ ఉన్నవారికి హద్దు ఇంకా తక్కువ. అంతకంటే సన్నగా ఉన్న నాళాలూ చిరుగుతాయి నిజమే. కానీ అలాంటివారు లెక్కకు మిక్కిలి, అందరినీ కోయలేం. ఈ అంకెల్లో దూరానికి చోటు లేదు. ఛాతీలో చీల్చినట్టు నొప్పి వచ్చిన రాత్రి, ఈ ఆపరేషన్ చేయగల బృందం ఎన్ని గంటల ప్రయాణంలో ఉంది? 5.2 దగ్గర ఆగిన మనిషి తన సర్జన్‌తో కూర్చుని ఆ గంటల్నీ లెక్కలో కలుపుకోవాలంటాను. అప్పటిదాకా బీపీ అదుపులో ఉండాలి, పొగాకు మానాలి, స్కాన్ తేదీ తప్పకూడదు. తోబుట్టువులకు, పిల్లలకు ఒక ఎకో తీయించాలా అన్నదీ అదే రోజు డాక్టర్‌ను అడగవచ్చు.