ఆరోగ్య శీర్షిక: తగ్గిన లుకేమియాకు ఇంకా మందులెందుకు?

మొన్నటి పాట్‌లక్‌లో ఒక తండ్రిగారు మమ్మల్ని పక్కకు పిలిచి, "మావాడి రక్తపరీక్షలన్నీ బాగున్నాయి డాక్టరుగారూ, ఇంకా ఏడాదిన్నర మాత్రలు మింగాలంటున్నారు, అవసరమేనంటారా?" అని అడిగారు. ఈ నెల దీనికే జవాబు.

భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో, న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో అమినోప్టెరిన్ తయారయింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని లుకేమియా పిల్లలకిచ్చి 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి గుణమిచ్చింది. అయితే ఆ వ్యాసం పేరులోనే "తాత్కాలిక" అన్న మాట ఉంది. తగ్గిన జబ్బు తిరగబెట్టేది. సుబ్బారావుగారు ఆ ఆగస్టులోనే పోయారు.

తిరగబెట్టడానికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి ఎముకల మూలుగలో ఉంది. అక్కడ రక్తకణాలను సాకే స్ట్రోమల్ కణాలుంటాయి. స్ట్రోమా అంటే గ్రీకులో పరుపు, పక్క. ఈ దాదులకు మన బిడ్డ, పరాయి బిడ్డ అన్న తేడా లేదు. లుకేమియా కణాలనూ దగ్గరకు లాక్కుని సాకుతాయి.

2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధకులు దీనికి ఒక ఉదాహరణ చూపారు. ఆస్పరాజినేజ్ అనే మందు ఆస్పరజిన్ అనే పోషకాన్ని హరించి లుకేమియా కణాలను మాడ్చి చంపుతుంది. గాజుపాత్రలో పక్కన స్ట్రోమల్ కణాలుంటే అవి ఆస్పరజిన్ తయారుచేసి అందించాయి, చావవలసినవి బతికాయి. ఊళ్ళో పక్కింటి పిన్నిగారు గోడమీదుగా కూరగిన్నె అందించినట్లే! గాజుపాత్రలో జరిగినదంతా ఒంట్లోనూ జరుగుతుందనడం తొందరపాటే గాని, మూలుగ చాటు కల్పిస్తుందన్నది నిజం.

కనుక చేతినుంచి తీసిన రక్తం శుభ్రంగా ఉన్నంతమాత్రాన మూలుగ శుభ్రమైనట్లు కాదు. అందుకే పలు మందులు కలిపి ఇస్తారు. ఆపైన రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. ఈ రెండోది అమినోప్టెరిన్‌కు తోబుట్టువే. ఈ దేశంలో ఈ రకం లుకేమియా వచ్చిన పిల్లల్లో నేడు సుమారు నూటికి 90 మంది అయిదేళ్ళు దాటుతున్నారు. కాని మెర్కాప్టోప్యూరిన్ మోతాదులు నూటికి 95 కన్న తక్కువ వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 2012లో తేలింది.

ఆ తండ్రిగారికి ఇదంతా చెప్పాము. వారి డాక్టరు ఒప్పుకుంటే వేసవిలో విజయవాడ వెళతారట. మాత్రలు సూట్‌కేసులో పడెయ్యక చేతిసంచిలో పెట్టుకోమన్నాము.