యోగము, రూఢి, స్వత్వము: థాయి నిత్యజీవనమును చూచు మన దృష్టి

బ్యాంకాకు నగరపు ప్రధాన విమానాశ్రయమునకు సువర్ణభూమి యని పేరు. 2006లో తెరచిన ఆ కట్టడమున, దేవాసురులు వాసుకిని పట్టి క్షీరసాగరమును మథించు మహాశిల్పము కలదు. దాని ముందు నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని, “ఇదంతయు మనదే గదా” అని పలుకని భారతీయ యాత్రికుడు అరుదు. ఆ మాటలో సంతోషమున్నది, స్వామ్యభావమును ఉన్నది. సంతోషము సహజము. స్వామ్యభావము మన శాస్త్రముల యెదుట నిలుచునా యని పరిశీలించుట సంస్కృతాధ్యాపకుల కర్తవ్యమని నా అభిప్రాయము.

ఆ దేశమున పరదేశి చెవిని మొదట పడు పలుకు ‘సవత్‌దీ’. అది మన స్వస్తి శబ్దమే. దీనిని విని, ఇది అనాదిగా నిలిచిన వైదిక వారసత్వమని ఉప్పొంగువారు కలరు. కాని ఈ పలకరింపును ఇరువదవ శతాబ్దమున చులలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయమున బోధించుచుండిన ఉపకిత్ శిలపసాన్ అను థాయి పండితుడు రూపొందించెను. 1943లో ప్రభుత్వము దానిని అధికారికముగ ప్రవేశపెట్టెను. నెలల పేర్లును అట్టివే. 1889లో దేవవంగ్స వరోపకార రాజకుమారుడు రాశుల పేర్లను గైకొని, ముప్పది దినముల నెలకు ‘ఆయన’ శబ్దమును, ముప్పదియొక్క దినముల నెలకు ‘ఆగమ’ శబ్దమును చేర్చెను. అందుచే ఏప్రిలు ‘మేసాయోన్’, మార్చి ‘మీనాఖోమ్’ అయినవి. బ్యాంకు ‘థనాఖాన్’, అనగా ధనాగారము. టెలిఫోను ‘థోరసప్’, అనగా దూరశబ్దము. వీనిని ఏ భారతీయుడును ఓడనెక్కించి పంపలేదు. ఆ దేశపు విద్వాంసులు తమ అవసరమునకు తామే ధాతుప్రత్యయములను ఎరిగి నిర్మించుకొనిరి. మనము ఆకాశవాణి యనుకొన్నట్లే వారు దూరశబ్దమనుకొనిరి.

ఇక అర్థపరిణామమును చూడుడు. థాయి భాషలో ‘సొంగ్‌సాన్’ అనగా జాలి. మూలము సంసార శబ్దము. జననమరణ చక్రమున చిక్కిన జీవిని చూచినపుడు కలుగవలసినది జాలియే గదా! ‘సన్యా’ అనగా ఒడంబడిక. మూలము సంజ్ఞాశబ్దపు పాళీరూపము. ధర్మగ్రంథములలో దోషముగ చెప్పబడిన ‘మానము’ అక్కడి లోకవ్యవహారమున పట్టుదల యను సద్గుణమైనది. ఉద్యోగవిరమణమును ‘కసియన్’ అందురు. అది క్షీణశబ్దభవమని తెలిసిన పిమ్మట, డెబ్బది దాటిన నావంటివాడు నవ్వక యుండలేడు.

వీనిని అపార్థములని త్రోసిపుచ్చు పండితులు మనలో లేకపోలేదు. వారు తెలుగును మరచిరి. నైయాయికునకు ప్రమాణమైన అనుమానము మన యిండ్లలో సందేహమైనది. ప్రయత్నవాచకమైన ఉద్యోగము జీతపు కొలువైనది. సిద్ధాంతమునకు పర్యాయమైన రాద్ధాంతము పనిలేని రచ్చయైనది. యోగార్థము కంటె రూఢ్యర్థము బలవత్తరమని మన శాస్త్రకారులే నిర్ణయించిరి. గోదావరీతీరమున చెల్లిన న్యాయము చావొ ఫ్రయా నదీతీరమున చెల్లదనుటకు హేతువేది?

శబ్దమున కన్వయించిన ఈ న్యాయమునే ఆచారమునకును అన్వయింపవలెను. తెల్లవారుజామున బ్యాంకాకు వీథులలో కాషాయవస్త్రధారులైన భిక్షువులు పాదచారులై, చెప్పులు లేక, పాత్ర చేతబట్టి వత్తురు. దీనిని ‘బింథబాత్’ అందురు, అనగా పిండపాతము. గృహస్థులు చెప్పులు విడిచి పాత్రలో అన్నముంచి, వంగి చేతులు జోడింతురు. భిక్షువు కృతజ్ఞత చెప్పడు, ప్రతినమస్కారము చేయడు. పాళీలో ఆశీర్వచనము పఠించి సాగిపోవును. మధ్యాహ్నము దాటిన పిదప భుజింపడు. పుచ్చుకొని మేలు చేసినవాడు భిక్షువే యని దాత భావన. మన భాషలో భిక్షాశబ్దము బిచ్చముగ మారి నీచార్థమును పొందినది. శబ్దము మనయొద్ద మూలరూపమున నున్నను, దాని గౌరవము ఎవరియొద్ద నిలిచినదో యోచింపవలెను.

ఇరువది యేండ్లు నిండిన యువకుడు వర్షావాసపు మూడు నెలలు భిక్షువై యుండుట అక్కడి సంప్రదాయము. నేడు కొలువుల వలన అది పలువురికి వారములకు, దినములకు తగ్గినది. దీక్షకు సిద్ధమైనవానిని ‘నాక్’ అందురు, అనగా నాగుడు. మనుష్యరూపమున సంఘమున చేరిన నాగుని కథ వినయపిటకపు మహావగ్గమున కలదు. ఉపసంపద వేళ “నీవు మనుష్యుడవేనా” అని నేటికిని ప్రశ్నింతురు. దీనిని ఉపనయనముతో పోల్చుట సులభము. కాని మనయందు గురుకులవాసము లోపించి, ద్వారమైన సంస్కారము మాత్రము మిగిలినది. స్నాతకము పెండ్లిపందిటిలోనే ముగియును. వారు ద్వారము దాటి లోపల కొన్నాళ్లు వసింతురు.

థాయి సమాజము దోషరహితమని నేననను. స్త్రీకి ఉపసంపదను అక్కడి సంఘము అంగీకరింపదు. 2025లో పలువురు పెద్ద భిక్షువులు శీలభంగ వివాదమున చీవరములను విడువవలసి వచ్చినది. అయినను ఆ దోషములను గూర్చి వాదించుకొనుచున్నవారు ఆ ధర్మమును జీవించుచున్నవారే. అది సజీవ సంప్రదాయ లక్షణము.

1784లో మొదటి రామరాజు కట్టించిన దేవస్థానమును, అందలి బ్రాహ్మణులను చూపి కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ బ్రాహ్మణుల ‘త్రియంపవాయ్’ ఉత్సవనామము తమిళ తిరువెంబావై నుండి వచ్చినది. ఇది దక్షిణభారత సంబంధమునకు స్పష్టమైన సాక్ష్యము. కాని ప్రతి వత్సరము మే మాసమున జరుగు రాజకీయ హలకర్మలో ఒకనాడు బౌద్ధ పరిత్తపాఠము, మరునాడు బ్రాహ్మణ విధి నడచును. ఈ కూర్పు మన దేశమున ఏ ధర్మశాస్త్రమునను లేదు. అది వారి కల్పసూత్రము.

1926లో కలకత్తాలో బృహద్భారత పరిషత్తు స్థాపితమైనది. ఆ తరము పండితులు ఆగ్నేయాసియా రాజ్యములను భారతీయ వలసలనిరి. పరాధీన దేశమున ఆత్మగౌరవమునకై తపించినవారి మాటగ దానిని అర్థము చేసికొనవచ్చును. స్వతంత్రులమైన మనము నేటికిని ఆ మాటనే వల్లించుట తగదు.

ఇది కేవల వాదము కాదు. మన కళాశాలల పఠనక్రమమునకు సంబంధించినది. అమరావతి, నాగార్జునకొండ గల నేలపై వ్యాకరణాలంకారములు చదివిన విద్యార్థి, పాళీభాషలో ఒక వాక్యమైనను చదువక పట్టము పొందుట సాధారణమైనది. అమరావతి ఫలకములపై అంజలి ఘటించిన ఉపాసకులు మనకు శిల్పచరిత్రలో ఒక పాఠము. థాయి గృహస్థునకు ప్రతి ప్రాతఃకాలపు పని. వారో, 1893లోనే పాళీ త్రిపిటకమును తమ లిపిలో 39 సంపుటములుగ ముద్రించి దేశదేశములకు పంపిరి. తొమ్మిది అంతస్తుల పాళీ పరీక్షలను నేటికిని నడపుచున్నారు. 2015లో ప్రపంచ సంస్కృత సమ్మేళనము బ్యాంకాకుననే జరిగినది. మనలను గూర్చి వారు చదివినంత, వారిని గూర్చి మనము చదువలేదు.

కావున నా సూచనలు రెండు. ప్రాచ్యకళాశాలల ఉన్నత తరగతులలో పాళీని ఒక పత్రముగ చేర్చవలెను. థాయి, తెలుగు భాషలలోని సంస్కృత శబ్దముల అర్థపరిణామమును తులనాత్మకముగ సంకలించు పనిని పరిశోధక విద్యార్థులకు అప్పగింపవలెను. కోశము, వ్యాకరణము తెలిసిన మన విద్యార్థికి ఇది అందుబాటులోని పని.

చివరకు ధర్మశాస్త్రమాట. స్వస్వత్వనివృత్తి పూర్వకముగ పరస్వత్వమును కలిగించుట దానమని మనము చదివితిమి. థాయిదేశపు గృహస్థుడు పుణ్యకార్యము ముగిసిన పిదప చిన్నపాత్ర నుండి నీటిధార విడిచి, తన పుణ్యమును గతించినవారికి పంచి యిచ్చును. మన పూర్వులు ఆ దేశమునకు శబ్దములను, కథలను, విధులను ఇచ్చిన మాట నిజమే యైనచో, ధార విడిచినపుడే మన స్వత్వము తీరినది. వారే కోరి గైకొనిన మాట నిజమైనచో, మనకు స్వత్వము తొలినుండియు లేదు. ఉభయథా “ఇదంతయు మనదే” అనుట శాస్త్రవిరుద్ధము.