అపరాధము బ్రేకులదేనా?

లారీ జనులమీదికి దూసికొనివచ్చిన మఱునాడు పత్రికలయందు తఱచుగ నచ్చగు మాట యొక్కటియే: "బ్రేకులు ఫెయిలైనవి." పిడుగు పడినది, వఱద వచ్చినది యన్నట్లే యీ మాటయు చెల్లిపోవుచున్నది. చదువరి నిట్టూర్చి పుట త్రిప్పును. పోలీసువారు డ్రైవరు అజాగ్రత్త యని వ్రాసికొందురు. యజమాని భీమా కంపెనీకి జాబు వ్రాసికొనును. బరువు లారీ బ్రేకు సాధారణముగ నొక్క నిమిషమున చెడునది కాదు; వారముల తరబడి చెడుచు వచ్చును; క్రిందికి వంగి చూచినవానికి కనబడుచునే యుండును. వంగి చూడనివా రెవరన్నదే మా ప్రశ్న.

ఇంజనుతో గూడ తిరుగు కంప్రెసరు గాలిని టాంకులలో కుక్కి నింపును. పెడలు త్రొక్కగనే యా గాలి చక్రముకడనున్న చాంబరున జొచ్చి పుష్ రాడ్డును ముందుకు ద్రోయును. రాడ్డు స్లాక్ అడ్జస్టరను చేతిని త్రిప్పగా లైనింగులు డ్రమ్మును పట్టును. లైనింగు అరిగినకొలది రాడ్డు మఱింత దూరము పోవలసివచ్చును. దానికిగల త్రోవ కొలది యంగుళములే. పెద్ద లారీలకు సామాన్యముగ నుండు 30వ నంబరు చాంబరున రాడ్డు 2 అంగుళములు మించి కదలరాదని అమెరికావారి నియమము.

కారు నడుపువారికి తెలియని చిక్కొకటి యిచ్చట గలదు. కారు బ్రేకు చెడినచో పెడలు లోతుగ దిగి పాదమునకు కొంతయైన తెలియజేయును. గాలి బ్రేకున నట్లుగాదు. పాదము క్రింద నున్నది గాలిని విడుచు వాల్వు మాత్రమే. బ్రేకులు బిగువుగ నున్నను వదులైనను పాదమునకు దాదాపొకే తీరున దోచును. ఊరిలో మెల్లగ పోవునంతకాలము బండి యాగుచునే యుండును. మొగిలి కనుమలోనో తొప్పూరు కనుమలోనో బరువుతో దిగునప్పుడు డ్రమ్ములు కాగి వ్యాకోచించును. రాడ్డు పోవలసిన దూర మింకను పెరుగును. చాంబరులోని త్రోవ ముగిసిపోవును. గాలి పోయినచో స్ప్రింగు తనంతట బ్రేకు వేయునుగదా యని ధైర్యము చెప్పు పండితులు కొందఱు గలరు. ఆ స్ప్రింగు ద్రోయవలసినదియు నా రాడ్డునే, త్రిప్పవలసినదియు నా వదులైన చేతినే! తనంతట సరిదిద్దుకొను అడ్జస్టరులు వచ్చినవందురా? అవియు నరుగునవే, చూడవలసినవే.

చూచుటకు కావలసిన దేమి? చక్రములకు దిమ్మలడ్డుపెట్టి, టాంకులలోని నీరు వదలి, గాలి నిండనిచ్చి, ఇంజ నాపి, పెడలు త్రొక్కిపట్టి యొక నిమిషము ముల్లును జూడవలెను. ఒంటిబండికి 3 పౌనులు మించి పీడనము దిగినచో అమెరికాలో లైసెన్సు పరీక్ష తప్పినట్లే. పిమ్మట రాడ్డుపై సుద్దగీత పెట్టి, త్రొక్కించి, ఎంత కదలెనో బద్దతో కొలువవలెను. త్రొక్కువా డొకడు, కొలుచువా డొకడు కావలెను. క్లీనరును మాన్పించి జీతము మిగుల్చుకొన్న యజమానులు ఆ రెండవవా డెవడో సెలవిత్తురుగాక!

ఇక ప్రభుత్వమువారి శ్రద్ధను జూతము. లారీకి ఎనిమిదేండ్లు నిండువఱకు రెండేండ్లకొకమాఱు, పిదప నేటేట ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు. వారములలో సడలు బ్రేకునకు సంవత్సరముల పరీక్ష! యంత్రములతో పరీక్షించు కేంద్రములకు 2021లో నియమములు చేసిరి. బరువు బండ్లకు 2023 ఏప్రిలు నుండి తప్పనిసరి యనిరి. పిదప 2024 అక్టోబరునకు గడువు పొడిగించిరి. ప్రమాదమైన పిదప మాత్రము మోటారు వాహనముల చట్టము 136వ సెక్షను క్రింద ఇన్‌స్పెక్టరు వచ్చి బండిని జూచును. శవమునకు నాడి జూచుట యన నిదియే.

2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి డెబ్బదియొక్కరి చావును కేంద్రప్రభుత్వ నివేదిక యతివేగము పద్దున వేసినది. బ్రేకు పట్టని లారీ కనుమ దిగునప్పుడు మెల్లగ పోవునా? ఆ పద్దులో నెన్ని సడలిన రాడ్డులు దాగియున్నవో కొలువనివారి కెట్లు తెలియును?

డ్రైవరులే తప్పు చేయుదురని యజమానులు వాదింతురు. 2022 నవంబరున పూనా నవలే వంతెనకడ నొక లారీ 48 బండ్లను గ్రుద్దినప్పుడు మొదట బ్రేకులనే నిందించిరి. పిమ్మట, డ్రైవరు వాలులో ఇంజ నాపెనని యధికారులు చెప్పిరి. ఇంజ నాగిన కంప్రెసరు నాగును. త్రొక్కినకొలది టాంకు ఖాళీయగును. అది తప్పే. కాని డీజిలు కొలిచియిచ్చి, తక్కువైనచో జీతమున కోయువా డెవడు? వాలులో ఇంజ నాపుట యా లెక్కలో పుట్టిన విద్యయే.

చట్టము మూగది కాదు. 190వ సెక్షను లోపమున్న బండిని నడిపినవానినేగాక నడిపించినవానిని, నడుపనిచ్చినవానిని గూడ శిక్షార్హుని జేయుచున్నది. తెలిసిన లోపమేగాక, సామాన్యమైన శ్రద్ధతో కనిపెట్టదగిన లోపమును గూడ లెక్కించుచున్నది. కాని జరిమానా 1,500 రూపాయలు. అన్ని చక్రములకు క్రొత్త లైనింగులు వేయించుటకన్న చౌక! అమెరికా కెనడాలలో బ్రేకులలో నైదవవంతు లోపముగ నున్నచో బండి నచ్చటనే నిలిపివేయుదురు. పది బ్రేకుల బండికి రెండు చెడిన చాలును. అట్లు నిలిచిన దినపు కిరాయి నష్టమే యజమానికి తెలియు భాష.

రవాణా శాఖవారు ముందుగ చేయదగిన దొకటి గలదు. ఫిట్‌నెస్ పత్రమునందును, ప్రమాదానంతర నివేదికయందును ప్రతి చక్రమునకు రాడ్డు కదలిన యంగుళములు, లైనింగు మందము అంకెలలో వ్రాయించి, క్రింద కొలిచినవాని సంతకము చేయింపవలెను. "బ్రేకులు బాగుగనున్నవి" యను మాటను ఆ కాగితములలోనుండి కొట్టివేయవలెను.