రొమ్ములో గడ్డ: వయసు మళ్లిందని వదిలేయరాదు

డెబ్బై ఏళ్లు దాటిన స్త్రీకి రొమ్ములో కేన్సర్ గడ్డ ఉందని తేలితే మన పల్లెల్లో రెండు రకాల మాటలు వినవస్తున్నాయి. "ఈ వయసులో కోత ఎందుకు, ఉన్నన్నాళ్లు ఉంటుంది" అనేది ఒకటి. "పొలం అమ్మయినా అన్ని వైద్యాలూ చేయిద్దాం" అనేది రెండోది. రెండు మాటలూ కొడుకులవో, అల్లుళ్లవో. జబ్బుపడిన మనిషిని అడిగేవారు అరుదు. చాలా ఇళ్లలో ఆమెకు జబ్బు పేరయినా చెప్పకపోవడం విచారకరం.

ఎంత వైద్యం కావాలన్నది వయసు ఒక్కదాన్ని బట్టి తేల్చరాదు. గడ్డ రకాన్ని, మనిషి సత్తువను కూడా చూడాలి.

ముందుగా సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. గడ్డ హార్మోన్ల వల్ల పెరిగే రకమా కాదా అన్నది అందులో తెలుస్తుంది. వయసు మళ్లిన వారిలో ఎక్కువ మందిది హార్మోన్ రకమే. దీనికి టామాక్సిఫెన్, లెట్రోజోల్ వంటి మాత్రలు రోజుకొకటి చొప్పున సాధారణంగా ఐదేళ్లు వాడాలి. గుండె, ఊపిరితిత్తులు తట్టుకోగలిగితే ఆపరేషన్ చేయించడమే మేలు. మాత్రలతోనే సరిపెడితే గడ్డ కొంతకాలం అణగి ఉండి తిరిగి పెరగవచ్చు. ఆపరేషన్‌కు తట్టుకోలేని వారికి మాత్రం మాత్రలే ఆధారం. హార్మోన్ రకం కాకపోతే ఈ మాత్రలు పనిచేయవు. అప్పుడు సెలైన్‌లో ఎక్కించే కీమో మందు అవసరమా, ఒళ్లు తట్టుకుంటుందా అన్నది డాక్టరు పరీక్షించి చెప్పాలి.

ఇక కరెంటు పెట్టించే సంగతి. బ్రిటన్ వైద్యుల ఆధ్వర్యంలో 65 ఏళ్లు, అంతకు పైబడిన 1,326 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన పదేళ్ల ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వీరందరిదీ హార్మోన్ రకమే. గడ్డ 3 సెంటీమీటర్లకు మించలేదు, జబ్బు చంకలోకి పాకలేదు. గడ్డ వరకే తీసి మాత్రలు ఇచ్చారు. కరెంటు పెట్టని వారిలో నూటికి తొమ్మిది, పది మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది. పెట్టిన వారిలో నూటికి ఒక్కరికే. అయితే పదేళ్ల తరువాత బతికి ఉన్నవారు రెండు వైపులా నూటికి 81 మందే కావడం గమనార్హం. ఇటువంటి గడ్డ ఉన్నవారు పట్నంలో వారాల తరబడి ఉండి కరెంటు పెట్టించుకోవచ్చు, లేదా మాత్రలు తప్పకుండా వేసుకుంటూ మానుకోవచ్చు. ఎంచుకోవలసింది ఆ స్త్రీయే.

గడ్డ ముదిరి పుండుపడ్డాక వెళ్లేవారికి ఈ వెసులుబాటు లేదు. కనుక తొందరగా చూపించుకోవడమే కీలకం. ముంబయి మురికివాడల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేత్తో రొమ్ము పరీక్ష చేయగా, 50 ఏళ్లు, ఆపైబడిన వారిలో ఈ కేన్సర్ మరణాలు నూటికి 30 వంతుల దాకా తగ్గినట్లు 2021లో తేలింది. ఇందుకు పెద్ద యంత్రాలేమీ అవసరపడలేదు.

ఖర్చుకు భయపడి ఆగవలసిన పని లేదు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి, విశాఖ వద్ద అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం అందించే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే కనుక్కోవాలి.

డాక్టరు వద్దకు వెళ్లినప్పుడు గడ్డ ఏ రకం, ఈ వైద్యం వల్ల ఆయుష్షు పెరుగుతుందా, మంచాన పడే ప్రమాదం ఎంత అన్న మూడు ప్రశ్నలు అడగాలి. ఆ జవాబులు వినవలసిన మొదటి మనిషి రోగియే. ఆమెను బయట బల్ల మీద కూర్చోబెట్టి కొడుకులు లోపల మాట్లాడి రావడం ఇకనైనా మానాలి.