ఉర్లగడ్డకు తెగులొస్తే విషం పీల్చేదెవరు?

సదుం నుంచి పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం వైపు వెళ్లేకొద్దీ టమాటా తోటల మధ్య ఉర్లగడ్డ చేలు కనిపిస్తాయి. పుస్తకాల్లో బంగాళాదుంప, ఈ పడమటి మండలాల్లో ఉర్లగడ్డ. దాన్ని బాగా దెబ్బతీసేది లేట్ బ్లైట్ అనే మాడు తెగులు. చల్లటి ముసురు కొన్ని రోజులు పట్టిందంటే చాలు, పచ్చటి చేను నల్లగా మాడిపోతుంది. అందుకే మబ్బు కమ్మితే మందు కొట్టాల్సిందే. తెగులును తట్టుకునే వంగడాల గురించి మాట్లాడేవాళ్లు దిగుబడితో మొదలుపెట్టి రైతు లాభం దగ్గర ఆగిపోతారు. మందు ట్యాంకు వీపున మోసే మనిషి ఆ లెక్కలోకి రాడు.

చాలా ఊళ్లలో ఆ మనిషి మాలపల్లె నుంచో మాదిగపల్లె నుంచో వచ్చిన కూలీ. మూతికి తువ్వాలు, వట్టి కాళ్లు. 1971 నాటి క్రిమిసంహారక నిబంధనలు చేతి తొడుగులు, ముసుగు, శిక్షణ ఉండాలంటాయి. అవి పొలం గట్టు దాకా రావు. ఈ తెగులుకు విరివిగా కొట్టే మాంకోజెబ్‌కు యూరోపియన్ యూనియన్ 2020లో అనుమతి పొడిగించలేదు. అదే ఏడాది మన కేంద్ర ప్రభుత్వం నిషేధించాలనుకున్న 27 మందుల ముసాయిదాలోనూ దాని పేరుంది. అయినా అది ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతోంది. మందు కొట్టే పనిని సగానికి తగ్గించే వంగడం వస్తే అది కూలీ ఊపిరితిత్తులకు, చర్మానికి రక్షణ. అందుకే ఇది మన సమస్య.

అలాంటి వంగడం తయారుచేయడం తేలిక కాదు. మెక్సికో అడవి జాతుల్లోని నిరోధక గుణాన్ని సాగు రకాల్లోకి తేవాలి, ఏళ్ల తరబడి వడపోయాలి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1968లో ఇచ్చిన కుఫ్రీ జ్యోతి మొదట్లో తెగులును తట్టుకుంది. తర్వాత తెగులు క్రిమి మారింది, జ్యోతి లొంగిపోయింది. ఆ తర్వాత వచ్చిన కుఫ్రీ కరణ్ లేట్ బ్లైట్‌తో పాటు కొన్ని వైరస్‌లనూ తట్టుకుంటుంది. ఏ రకమూ శాశ్వతం కాదు కాబట్టి ప్రభుత్వ పరిశోధన ఆగకూడదు. 1845లో ఐర్లండ్‌లో ఒకే రకం మీద ఆధారపడ్డ జనానికి ఈ తెగులే తగిలింది. దాదాపు పది లక్షల మంది చనిపోయారు. ఎక్కువగా పోయింది సెంటు భూమి లేని కూలీలు, చిన్న కౌలుదారులు. ఆ సమయంలోనూ ఆ దేశం నుంచి ధాన్యం ఇంగ్లండుకు ఓడల్లో వెళ్తూనే ఉంది.

ఇక విత్తనం ఎవరిది? 2019లో పెప్సీకో తన ఎఫ్‌ఎల్ 2027 రకాన్ని పండించారంటూ గుజరాత్ రైతులపై కేసులు వేసి, నలుగురి నుంచి ఒక్కొక్కరికి కోటి రూపాయలకు పైగా పరిహారం అడిగింది. నిరసనలతో వెనక్కి తగ్గింది. కవిత కురుగంటి దరఖాస్తుపై 2021లో ఆ రకం రిజిస్ట్రేషన్ రద్దయింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ రద్దును కొట్టేసింది. 2001 చట్టంలోని 39వ సెక్షన్ మాత్రం రైతుకు విత్తనం దాచుకునే, మార్చుకునే, బ్రాండు లేకుండా అమ్ముకునే హక్కు ఇస్తోంది. మంచి సెక్షనే. కానీ దాచుకోవడానికి ముందు చేతిలో విత్తనం ఉండాలి. ఉర్లగడ్డకు ఎకరాకు పది క్వింటాళ్ల దాకా విత్తన గడ్డలు కావాలి, అవి జలంధర్ నుంచి లారీల్లో దక్షిణాదికి వస్తాయి. అప్పు పుట్టినవాడికే ఆ లోడు అందుతుంది. దళిత కౌలు రైతుకు బ్యాంకు అప్పు కావాలంటే సాగు హక్కు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే భూ యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. పెట్టే యజమానులు ఎంతమందో ఊళ్లో తిరిగేవాళ్లకు తెలుసు.

పక్కనే కర్ణాటకలోని హాసన్‌లో మరో దారి ఉంది. ఉద్యాన విశ్వవిద్యాలయం, అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం కలిసి టిష్యూ కల్చర్ మొక్కల చివుళ్లు కత్తిరించి, వేర్లు పట్టించి నారుగా ఇచ్చే పద్ధతిని ప్రచారం చేశాయి. ఆ నారు నాటితే విత్తన గడ్డలు ఇక్కడే తయారవుతాయి. దీనికి ఎకరాలు అక్కర్లేదు, వల కట్టిన చిన్న షెడ్డు, నీళ్లు, శిక్షణ చాలు. కుప్పం, పుంగనూరు ప్రాంతాల్లో ఇలాంటి నర్సరీలను దళిత మహిళా సంఘాలకు ఇవ్వడానికి ఎస్సీ ఉపప్రణాళిక ఉంది. 2013 నాటి ఆ చట్టాన్ని రాష్ట్రం 2023లో మరో పదేళ్లు పొడిగించింది. తెగులు తట్టుకునే రకాల నారు, మందు కొట్టే కూలీకి తొడుగులు, ముసుగు: కలెక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ రెండూ ఒకే అర్జీలో ఉండాలి.